లింకులకూ కౌలు ఉంది!

మాది వ్యవసాయ కుటుంబం. చేను కౌలుకివ్వడం మాకు కొత్త కాదు. వెబ్‌సైటులో ఒక లింకును కూడా నెలవారీ అద్దెకివ్వవచ్చని మాత్రం కాలేజీకొచ్చాకే తెలిసింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో, ఒక పేజీ మరో పేజీకిచ్చే లింకు ఓటు వంటిది. పేరున్న పేజీ ఓటుకు విలువెక్కువ. అలాంటి ఓట్లు పడ్డ పేజీ గూగుల్ ఫలితాల్లో పైకొస్తుంది. ఓటుకు విలువుంటే కొనేవాడు రాకుండా ఉంటాడా?

అయితే గూగుల్ నియమాలు దీన్ని ఒప్పుకోవు. 2011లో అమెరికాలోని జె.సి. పెన్నీ దుకాణాల సైటుకు అలాంటి కొనుగోలు లింకులున్నట్టు న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. తమకు తెలియదని సంస్థ చెప్పినా, గూగుల్ ఆ సైటును కిందికి దించేసింది. లింకులమ్మే సైటుకూ శిక్ష పడవచ్చు. 2012లో వచ్చిన పెంగ్విన్ మార్పుతో నిఘా మరింత పెరిగింది.

న్యాయమైన దారి లేకపోలేదు. లింకుకు 'స్పాన్సర్డ్' అని గుర్తు పెట్టాలి. గూగుల్ 2019లో తెచ్చిన ఈ గుర్తుంటే అది ప్రకటనే, ఓటు కాదు.

పత్తి పురుగుల గురించి నాకొక చిన్న సైటుంది. పేకాట సైటుకు లింకు పెడితే నెలకు రెండు వేలిస్తానని ఒకాయన అడిగాడు. మెస్ బిల్లు తీరేది! నాన్నతో చెప్తే, "ఏం పంట వేస్తాడో అడక్కుండా కౌలుకిస్తామట్రా? చెడేది మన భూమే గదా!" అన్నాడు.

గుర్తు పెట్టే ఇస్తానన్నాను. ఆయన మళ్లీ పలకలేదు. ఆయనకు కావలసింది ప్రకటన కాదు, నా ఓటు. సైట్లు నడిపే మిత్రులారా, ఆలోచించండి.