మీకు తెలుసా? గుమ్మానికి కట్టిన కలబంద ఎందుకు వాడదు?

దిష్టి తగలకుండా ఇంటి గుమ్మానికి, దుకాణం ముందర కలబందను వేళ్లతో సహా తలకిందులుగా వేలాడదీయడం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు మామూలే. మన్ను లేదు, నీళ్లు లేవు. అయినా ఆ మొక్క నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఒక్కోసారి కొన పైకి తిప్పుకొని చిగురు కూడా వేస్తుంది. చెడుచూపును అది లాగేసుకుంటుందని, వాడిపోతే మార్చాలని నమ్మకం. వృక్షశాస్త్రం చెప్పే కారణం వేరు. కలబంద ఆకు మీది సూక్ష్మ రంధ్రాలు పగలు మూసుకొని రాత్రిపూట తెరుచుకుంటాయి. చల్లటి వేళ పీల్చుకున్న కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా దాచుకొని, తెల్లవారాక వెలుతురులో వాడుకుంటుంది. అందువల్ల గుజ్జులోని నీరు ఆవిరయ్యేది చాలా తక్కువ. కడప ఎండలకు ఇంతకంటే తగిన కాపలాదారు దొరకడం కష్టమే.

దిష్టి తీసే ఎర్రనీళ్లలోనూ వేరే రంగేమీ కలపరు. పసుపునీళ్లలో చిటికెడు సున్నం వేయగానే క్షారం తగిలిన కర్క్యుమిన్ ఎరుపెక్కుతుంది. అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది.

ధూపం వేసే గుగ్గిలాన్ని కొన్ని చెట్ల బంక నుంచి తీస్తారు. అలాంటి బంకనిచ్చే తంబజాలారి చెట్టు కడప జిల్లా కొండల్లోనూ పెరుగుతుంది. తూర్పు కనుమల్లో తప్ప సహజంగా మరెక్కడా కనిపించదు. పొగతో మనసుకు ఊరట కలగవచ్చు గానీ, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఏ పొగైనా పడదు.

ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. వేప ఆ వైరస్ జబ్బును నయం చేయదు. అయితే మండలు చూసిన ఇరుగుపొరుగు లోపలికి రారు కాబట్టి, అంటు పాకడం కొంత తగ్గుతుంది.