పరిహాసమునందలి విభక్తిభేదము: రచ్చపట్టునఁ బరాచకమును వాదమును

"రచ్చ" యను మాటకు నేఁటి వాడుకలో గందరగోళము, జగడము అని యర్థము. 2012వ సంవత్సరమున వెలువడిన యొక చలనచిత్రమున కిదియే పేరు. ఆ పేరు విన్నవారికి సభ స్ఫురింపదు. అంతకు మూఁడేండ్లకు ముందు, 2009లో, ప్రజల విన్నపములను వారి యూరనే యాలకించుటకై ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తలపెట్టిన కార్యక్రమమునకు "రచ్చబండ" యని పేరిడిరి. ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డి దాని నారంభించుటకై చిత్తూరు జిల్లాకుఁ బోవుచు నా యేఁటి సెప్టెంబరు 2వ తేదీన హెలికాప్టరు ప్రమాదమున మృతినొందెను. కార్యక్రమము పిదప 2011లో జరిగినది. ఆ పేరునఁ గలహార్థ మేమియు లేదు. ఇంచుమించుగా నొకే కాలమున నొకే పద మొకచోట సభయు, వేఱొకచోఁ గలహమును గాఁగలిగినది. సభకును గలహమునకును నడుమనున్న యెడ మెంతటిదో, దానినిఁ దెలుఁగుభాష యే గుర్తుచేతఁ గొలుచుచున్నదో విచారింపఁదగియున్నది.

వ్యుత్పత్తి సులభమే. రథములు పోవఁదగిన త్రోవ రథ్య. పాలిప్రాకృతములం దది రచ్ఛా యైనది. మిథ్యాశబ్దము మిచ్ఛా యైనట్లే యిచ్చటను థ్యకారమునకు చ్ఛకారము. తెలుఁగున మహాప్రాణము పోయి రచ్చ యైనది. వీథి యను నర్థమునుండి వీథులు గలియు చోటును, అందలి చావడియు, చావడిలోఁ గూడిన జనమును గ్రమముగా నీ పదమునకు వాచ్యములైనవి. "ఇంట గెలిచి రచ్చ గెలువు" మను సామెతలో రచ్చ యనఁగా సభయే. "రచ్చకెక్కె" ననఁగా నలుగురికిఁ దెలిసె నని మాత్రమే మొదటి యర్థము. అయితే నలుగురి నోళ్ల కెక్కునవి సాధారణముగా మంచిమాటలు గావు. దాయాదుల పంపకములు, ఆలుమగల తగవులు, లెక్కలలో దొరలిన మోసములు, ఇవియే రచ్చ కెక్కినవి. ఎక్కినదాని గుణము ఎక్కిన చోటికిఁ బట్టినది.

రచ్చబండ యనఁగా నూరినడుమ రావిచెట్టుక్రిందనో వేపచెట్టుక్రిందనో కట్టిన రాతితిన్నె. పొలమునుండి వచ్చినవారు, సంతకుఁ బోవువారు, పనిలేనివారు నచ్చటఁ గూర్చుందురు. వానలు, ధరలు, వ్యాజ్యములు, ఎన్నికలు నచ్చటి ప్రసంగములు. ఆ బండమీఁద నూరివారందఱును గూర్చుండ నోఁచుకొనలేదన్న మాట మఱవరాదు. స్త్రీల మేలములు నీటిరేవులందును, ఊరికి వెలిగా నుంచఁబడినవారి మాటలు వారి వాడలందును జరిగినవి. బండమీఁదివారు మాత్ర మొకరినొకరు వావివరుసలతోఁ బిలుచుకొందురు. రక్తసంబంధము లేకున్నను, కులము వేఱైనను, ఒకఁడు బావ, ఒకఁడు మామ, ఒకఁడు బాబాయి. ఈ వరుసలే పరిహాసమునకు హద్దులు. బావమఱఁదు లెంతమాటయైన ననుకొనవచ్చును. తండ్రివరుసవానితో నట్టి మాట చెల్లదు. పెండ్లిండ్లలో భోజనములవేళ వియ్యాలవారు పాటలతో నొకరినొకరు దెప్పుకొనుటయు నీ వరుసవలన వచ్చిన యధికారముచేతనే. ఎన్నికలలో నోడిన పక్షమువానిని "ఏమోయి బావా, మీవాని ధరావతు దక్కినదా?" యని యడిగినచో, ఆ ప్రశ్నలో నెన్నికకంటె బావకే ప్రాధాన్యము. సంబోధనము తీసివేసిన నా మాటయే దెప్పుపొడు పగును.

ఈ వ్యవహారమునకుఁ దెలుఁగునఁ గల పదములు పెక్కు: సరసము, మేలము, పరాచకము, వేళాకోళము, ఎకసక్కెము, ఎగతాళి, వెటకారము, గేలి, ఎద్దేవ. వీనిని పర్యాయములుగా నొక వరుసలో వ్రాయించి విడుచుట బడులలోఁ బరిపాటి. కాని వీనితోఁ గూడి వచ్చు విభక్తినిఁ బరీక్షించినచో నివి రెండు తెగలుగా విడిపోవును. వానితో సరసమాడెను, వానితో మేలమాడెను, వానితోఁ బరాచకమాడెను. ఇది యొక తెగ. వానిని ఎగతాళి చేసెను, వానిని గేలిచేసెను, వానిని ఎద్దేవ చేసెను. ఇది వేఱొక తెగ. తాఱుమాఱుచేసి "వానిని సరసమాడెను" అని పలికినచోఁ జదువురానివాఁడును నవ్వును. నడుమ నిలిచినది వేళాకోళము. "నాతో వేళాకోళమా?" యనవచ్చును, "నన్ను వేళాకోళము చేయుచున్నావా?" యనియు ననవచ్చును. మొదటిది చిఱునవ్వుతో ననఁదగినది. రెండవది యట్లనుట కష్టము. పరిహాసశబ్దమును నిట్టిదే. పరిహాసము లాడుట యొకనితో, పరిహసించుట యొకనిని.

చేయు ధాతువు సకర్మకము గావున ద్వితీయ వచ్చినది, ఇందు విశేషమేమి యని యాక్షేపింపవచ్చును. అది నిలువదు. పరాచకములు చేయుట యను వాడుకయుఁ గలదు. అందును "నాతోఁ బరాచకములు చేయకు" మందురేకాని "నన్నుఁ బరాచకములు చేయకు" మనరు. కాఁబట్టి భేదము క్రియాపదమువలనఁ గాక యర్థమువలననే వచ్చినది.

సహార్థయోగమున నప్రధానమైనదానికిఁ దృతీయ యని పాణిని విధి (2-3-19). తెలుఁగు "తో" యందు, పరస్పరక్రియలు చెప్పునెడ, ఈ ప్రధానాప్రధానభేదము నిలువదు. "రాముఁడు కృష్ణునితోఁ బరాచకమాడె" నన్న వాక్యమును దిరుగవేసి "కృష్ణుఁడు రామునితోఁ బరాచకమాడె" నన్నను నర్థము చెడదు. "రాముఁడు కృష్ణుని గేలిచేసె" నన్నదానినిఁ దిరుగవేసినచో వేఱొక కథ యగును. ఈ పరీక్షనే వివాదపదములకుఁ జేసిచూచిన నొక వింత కానవచ్చును. వాదించుట, విభేదించుట, జగడమాడుట, కలహించుట, తుదకుఁ బోట్లాడుటయు నొకనితోనే. తిట్టుట, దూషించుట, తూలనాడుట యొకనిని. అనఁగా భాష లెక్కలోఁ బోట్లాట పరాచకముతో నొక పంక్తినిఁ గూర్చున్నది; ఎగతాళి తిట్టుతో నొక పంక్తిని. నవ్వులన్నియు నొకజాతి, కోపములన్నియు నొకజాతి యని లోకము తలఁచును. భాష యట్లు విభజింపలేదు. ఎదుటివాఁడు క్రియయందుఁ దోడివాఁడా, క్రియకు గుఱియా యన్నదే దానికి ముఖ్యము.

సంస్కృతవ్యాకరణమున దీనికి దగ్గఱగా నొక విషయము గలదు. క్రియావ్యతిహారమున, అనఁగా నొకరికొకరు మార్చి పనిచేయునెడ, ఆత్మనేపదమును విధించి (1-3-14), గత్యర్థహింసార్థములకు దానిని నిషేధింపఁగా (1-3-15), వార్తికకారుఁ డా నిషేధమున హసాదులను గూడఁ జేర్చెను. వ్యతిహసంతి, వ్యతిజల్పంతి యని యుదాహరణములు. ఒకరినొకరు కొట్టుకొనువారును, ఒకరితోనొకరు నవ్వుకొనువారును, ఒకరితోనొకరు వదరుకొనువారును వ్యాకరణమున నొక్క చావడినే చేరిరి. లోకస్వభావము చూచి కాత్యాయనుఁ డిట్లు చెప్పె ననుట సాహసము, రూపసిద్ధికొఱకే చెప్పెను. ఐనను రచ్చబండ నెఱిఁగినవారికిఁ జిఱునవ్వు రాకమానదు.

నైయాయికులు కథను వాదము, జల్పము, వితండ యని విభజించిరి. తత్త్వము దెలియుటకు వాదము, గెలుపునకు జల్పము, తన పక్షము నిలుపక యెదుటి పక్షమునుఁ జెఱచుట వితండ. ఎన్నికలవేళ రచ్చబండమీఁద నీ మూఁడును నొక్క గడియలోఁ బుట్టి గిట్టుచుండును. గౌతముని లక్షణములకు లక్ష్యములు వెదకువారికి వితండకే యెక్కువ దొరకును. ఇంతకంటె నిచ్చటఁ బనికివచ్చునది ఛలము. వాక్ఛలమునకు భాష్యకారుఁడు వాత్స్యాయనుఁ డిచ్చిన యుదాహరణము ప్రసిద్ధము. ఒకఁడు క్రొత్తకంబళి గలవాఁ డను తలఁపుతో నవకంబలుఁ డనఁగా, ఎదుటివాఁడు నవశబ్దమునకుఁ దొమ్మిది యను నర్థముఁ బట్టి, వీనికున్న దొక్కటియే కదా యని యడ్డగించును. న్యాయశాస్త్రమున నిది దోషము. ఇట్టి పనినే కావ్యమునఁ జేసినచో వక్రోక్తి. రుద్రటుఁడును మమ్మటుఁడును శ్లేషచేతను గాకువుచేతను నది రెండు విధములని చెప్పి యలంకారములలోఁ జేర్చిరి. చేఁత యొక్కటియే, శాస్త్రము మాఱఁగా దోషము గుణమైనది. బావమఱఁదులనడుమ వక్రోక్తి యైనది పంచాయతి తీర్పువేళ ఛల మగును. ఒకే తిన్నెమీఁద నొకే సాయంకాలమున రెండును జరుగును గావున, అలంకారమెప్పుడు ముగిసినదో ఛలమెప్పు డారంభమైనదో పలికినవానికే తెలియకపోవచ్చును.

ఇది శాస్త్రవినోదము మాత్రము గాదు. యాసవిషయమునఁ దెలంగాణమువారు చిరకాలముగాఁ జేసిన ఫిర్యాదు దీనికిఁ దార్కాణము. కోస్తామండలముల పలుకుబడి పాఠ్యపుస్తకములందును బత్రికలందును బ్రమాణమై నిలువఁగా, తెలంగాణపుఁ బలుకుబడిని చలనచిత్రములు హాస్యపాత్రలకును దుష్టపాత్రలకును గట్టిపెట్టిన వని వారి యారోపణము. 2009వ సంవత్సరాంతమునఁ దిరిగి రగుల్కొని, 2014 జూన్ 2వ తేదీన రాష్ట్ర మేర్పడువఱకు సాగిన యుద్యమమున, నీళ్లు నిధులు నియామకము లను మూఁడింటితోఁ బాటు భాషాగౌరవమును జర్చకు వచ్చెను. హైదరాబాదునఁ గార్యాలయములందును, టీకొట్లకడను రెండు ప్రాంతములవారును గలిసి కూర్చుండువారే. యాస ననుకరించినవాఁడు "వారితోఁ బరాచకమాడితిమి" అనును. అనుకరింపఁబడినవాఁడు "మమ్ము గేలిచేసిరి" అనును. జరిగిన దొక్కటియే. వివాదమంతయు విభక్తినిఁ గూర్చినది.

కారకములు వక్తృవివక్ష ననుసరించి యేర్పడునని శాబ్దికమతము. ఇచ్చట వక్తలిద్దఱు, ఎవని వివక్ష ప్రమాణము? మీఁదఁ జెప్పిన పరీక్షయే యిచ్చట శరణ్యము. అనుకరింపఁబడినవాఁడును దిరిగి యెదుటివాని పలుకుబడి ననుకరించి నవ్వఁగలిగి, ఆ నవ్వు నంతే తేలికగాఁ జెల్లినచో "తో" సాధువు. ఒకరి పలుకు పుస్తకమునందును దెరమీఁదను బ్రమాణమై, వేఱొకరి పలుకు నవ్వునకే వినియోగపడునప్పుడు వాక్యము తిరుగఁబడదు; అచ్చట ద్వితీయయే న్యాయ్యము. నవ్వినవాని మనస్సున ద్వేషము లేకపోవచ్చును. కర్మత్వము మనస్సునఁ బుట్టునది గాదు. ఈ న్యాయ మొక ప్రాంతమున కనుకూలముగాఁ జెప్పినదియుఁ గాదు. ఉత్తరాంధ్రమువారి పలుకును, రాయలసీమవారి పలుకును నిట్టి నవ్వునకుఁ బలుమాఱు గుఱియైనవి. కోపావేశమున నాంధ్రప్రాంతమువారి నందఱ నొక్క పేరున మూటగట్టి తెగడినప్పుడు నదియే ద్వితీయ. గట్టిగాఁ బోట్లాడినవారు మఱునాఁ డదే బల్లకడఁ గూర్చుండుట గలదు. నవ్వుచుఁ బలికిన యొక్క మాటకు మఱల రాకపోవుటయుఁ గలదు.

పరిహాసార్థకపదముల కర్థము చెప్పునెడ, నిఘంటుకారులును బడిపంతుళ్లును విభక్తిని గూడఁ జూపుట మేలు. వేళాకోళమువలె నెకసక్కెమును రెండు విభక్తులను సహించును. పలికిన తీరునుబట్టి వినువాఁడు దానికి విభక్తి నేర్పఱుచుకొనును. వెటకారము "వెటకారముగాఁ బలికె" నని క్రియావిశేషణముగానే తఱచుగా వచ్చును గాన, ఏ తెగలోను జేరక తప్పించుకొన్నది.