నాజరు బుర్రకథ: నాటి నిషేధము, నేటి గౌరవము

ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు డక్కీలు, కాళ్ళకు గజ్జెలు. ఇంతమాత్రపు సరంజామాను చూచి ప్రభుత్వము జంకునా యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. తెలుగునాట అట్లు జంకిన దినములు కలవు. ఇటు హైదరాబాదులో నైజాము సర్కారును, అటు మద్రాసు ప్రభుత్వమును బుర్రకథను నిషేధించినవి. ఆ కథా ప్రక్రియకు కొత్త ప్రాణము పోసిన షేక్ నాజరు జీవితమును ముచ్చటించుకొన్నచో, ఈ జంకునకు కారణము తేటపడును.

బుర్రకథ పూర్వము జంగముకథ. భిక్షాటనము చేయువారు ఊరి రచ్చపై నిలిచి వీరగాథలు పాడెడివారు. నడుమ నిలుచు కథకుడు భుజమున తంబుర నానించి, వ్రేళ్ళ కందెలు తొడిగి తాళము వేయుచు, అడుగు ముందునకును వెనుకకును వేయుచు కథ నడుపును. ఇరుప్రక్కల వంతపాటగాండ్రు డక్కీలు వాయించుచు తందాన పలుకుదురు. వారిలో నొకనిది హాస్యము, రెండవవానిది రాజకీయము. కథ పల్నాటి యుద్ధమే యైనను, రాజకీయపు వంత నడుమ కల్పించుకొని నిన్నమొన్నటి బియ్యపు ధరను గూర్చి ప్రశ్నింపవచ్చును. హాస్యపు వంత దానికి నవ్వు పుట్టించు జవాబు చెప్పును. సభ నవ్వును, నవ్వుచునే ఆలోచించును. బలమంతయు ఈ సందులోనే యున్నది.

ఇట్టి బలము మన దేశమునకే పరిమితము కాదు. ఐరోపా నగరములలో క్యాబరే యను చిన్న వేదికలు కలవు. పాట, ఆట, నాటి వార్తపై చురక, ఇవి వాని సొత్తు. బెర్లినులో కాటకోంబె యను క్యాబరేను నాజీ ప్రభుత్వము 1935లో మూయించి, దాని ప్రధాన హాస్యగాడు వెర్నర్ ఫింకును నిర్బంధ శిబిరమునకు పంపెను. అచట దీపములు వెలిగిన మందిరము, ఇచట పెట్రోమాక్సు వెలుగున పల్లె రచ్చ. పాలకులను కలవరపెట్టిన గుణము మాత్ర మొక్కటే.

నాజరు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద దూదేకుల కుటుంబమున జన్మించెను. బాల్యమునందే సంగీతము నేర్చి, నాటకములలో వేషములు ధరించెను. ఆయన చెప్పిన ఆత్మకథకు 'పింజారి' యని పేరు. లోకము చిన్నచూపుతో పలికిన కులనామమునే గ్రంథమునకు శీర్షికగా నిలుపుటలో ఆయన ధైర్యము కానవచ్చును. మహమ్మదీయుడై పుట్టి, పల్నాటి వీరులను, బొబ్బిలి వీరులను, అల్లూరి సీతారామరాజును ఊరూర గానము చేసిన కళాకారు డాయన.

రెండవ ప్రపంచయుద్ధకాలము ఆయన కళకు మలుపు. 1934 నుండి నిషిద్ధమైన కమ్యూనిస్టు పార్టీపై ప్రభుత్వము 1942 జూలైలో నిషేధమును తొలగించెను. ఆ పార్టీ ఫాసిజమునకు ఎదురుగా యుద్ధమును సమర్థించుటయే ఇందులకు హేతువు. 1943లో బొంబాయిలో ప్రజానాట్య సంఘ మేర్పడగా, తెలుగునాట ప్రజానాట్యమండలి వెలసెను. నాజరు ఆ కళాకారుల శ్రేణిలో నిలిచెను. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచటి బియ్యము రాక నిలిచిపోయెను. ధరలు పెరిగినవి, దొంగనిల్వలు పెరిగినవి. 1943లో బెంగాలు క్షామమున లక్షలాది జనము మరణించిరి. అక్షరము రాని పల్లెవానికి ఈ సంగతులు తెలిపిన పత్రిక బుర్రకథయే.

యుద్ధము ముగిసెను. ఫాసిజమును తిట్టినంతవరకు అభ్యంతరము లేని గొంతు, ఇప్పుడు జమీందారును, దేశముఖును ప్రశ్నించెను. 1946 జూలై 4న జనగామ ప్రాంతపు కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలియయ్యెను. తెలంగాణ రైతుపోరు ఉధృతమయ్యెను. దానిని వస్తువుగా గొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన 'మాభూమి' నాటకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. బుర్రకథకును అదే గతి. నాడు డోర్నకల్ జంక్షను నైజాము రాజ్యములోనిది. అచట రైలెక్కి బెజవాడ చేరినవాడు మద్రాసు రాజధానిలో దిగెడివాడు. పాలకులు మారిరి, చట్టములు మారినవి. నిషేధము మాత్రము రెండుచోట్లను ఎదురయ్యెను. గజ్జె కట్టినచో కేసు, కట్టనిచో పస్తు. కథయే వృత్తిగా గలవారికి ఇంతకన్న కఠినమైన శిక్ష యేది?

కాలము మారెను. 1954లో విడుదలైన 'అగ్గిరాముడు' చిత్రములో నాజరు సీతారామరాజు బుర్రకథ లక్షలమంది చెవిని పడెను. స్వతంత్ర భారతమున ప్రభుత్వ శాఖలే కుటుంబ నియంత్రణము, పొదుపు మున్నగు విషయముల ప్రచారమునకు బుర్రకథ దళములను పిలువసాగినవి. 1986లో నాజరునకు పద్మశ్రీ లభించెను. 1997లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

గౌరవము దక్కుట సంతోషకరమే. అయినను ఇందులో నొక చిక్కు కలదు. పిలిచినవాని మాటనే పాడవలసివచ్చినపుడు రాజకీయపు వంత ప్రశ్న వేయుట మానును. హాస్యపు వంత కేవలము నవ్వించును. తంబుర, గజ్జె, తందాన యథాతథముగ నుండును గాని నడుమనున్న ఆ సందు మూతపడును. రేడియోలో బుర్రకథ నందించు మాకును ఈ హెచ్చరిక చెల్లును. మైకు ముందు కథకుని యడుగులు శ్రోతకు కానరావు. అడుగు పోయినను కథ నిలుచును. ప్రశ్న పోయినచో నిలువదు. కావున బుర్రకథ వినునపుడు కథకునితోపాటు ఆ ప్రక్క వంతగాని మాటకును చెవి యొగ్గవలెనని మా మనవి. నాడు రెండు ప్రభుత్వములు వెరచినది ఆ మాటకే.