అద్దె ఒక్కటే చూస్తే చాలదు, మీటరు కూడా చూడాలి

ఏలూరు: అద్దె ఇల్లు వెతుక్కునేవారు ముందుగా అడిగేది అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కుళాయి ఎన్ని గంటలకు వస్తుంది అని. కరెంటు మీటరు సంగతి అడిగేవారు తక్కువ. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు నెలనెలా చేతిచమురు వదులుతున్నది.

పవర్‌పేటలో పాత డాబా మీది వాటాలో ఉంటున్న ఒక గుమాస్తా కుటుంబం సంగతే చూడండి. కింద ఇంటివారు, పైన వీరు. రెండు వాటాలకూ మీటరు ఒక్కటే, బిల్లు చెరిసగం. ఎంత పొదుపుగా వాడినా బిల్లు తగ్గడం లేదని ఆ ఇల్లాలు వాపోతున్నారు.

లోపం వాడకంలో లేదు, శ్లాబుల్లో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అమలులోకి వచ్చిన ధరలను బట్టి ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. ఒక్కో కుటుంబం 120 యూనిట్లు కాల్చిందనుకుందాం. వేరువేరు మీటర్లుంటే ఒక్కొక్కరికి 394.50 రూపాయలు. ఒకే మీటరు మీద 240 యూనిట్లయితే మొత్తం 1,148.25 రూపాయలు, అంటే తలా 574. ఇతర చార్జీలు కాకుండానే మనిషికి దాదాపు 180 రూపాయలు అదనం. నష్టం ఇంటివారికీ ఉన్నది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపితే వేరే మీటరుకు వారూ ఒప్పుకోవచ్చు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కనెక్షన్ కోసం యజమానే కాదు, అందులో నివసించేవారు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నక్షత్రాల లెక్క

బ్రిటన్ వంటి చలి దేశాల్లో ఇల్లు అద్దెకిచ్చేవారు ఆ ఇల్లు ఎంత ఇంధనం తింటుందో తెలిపే పత్రం చూపాలి. అక్కడ ఖర్చు వెచ్చదనానికి, మనకు చల్లదనానికి. ఇక్కడ అద్దె ఇంటికి అటువంటి పత్రం అడిగే నిబంధన లేదు. నక్షత్రాలు ఎక్కువగా కనిపించేది సామాన్ల మీదే. ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి ఈ గుర్తు తప్పనిసరి అయింది.

పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లే కనుక 15 యూనిట్లు మించదు. 6 రూపాయల శ్లాబులో ఉన్నవారికి ఒక్క ఫ్యాను మీద నెలకు సుమారు 130 రూపాయలు మిగులుతుంది. ఇల్లు మారినప్పుడు విప్పుకుని పట్టుకుపోవచ్చు కూడా. ఏసీ కొనేవారు నక్షత్రాలతోపాటు చీటీ మీది సంవత్సరం చూడాలి. కొలమానం మధ్యమధ్య బిగిస్తుంటారు కాబట్టి పాత చీటీలోని అయిదు నక్షత్రాలు నేటి అయిదుకు సాటి రావు.

ఇక కూలరు. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ. కైకలూరు, ఆకివీడు వైపు ఉక్కపోత రోజుల్లో కూలరు గదిని మరింత జిగటగా చేస్తుందే గాని అంతగా చల్లబరచదు.

తాడేపల్లిగూడెంలోనైనా, ఏలూరులోనైనా పై అంతస్తు వాటా చూసేవారు మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లాలి. శ్లాబు ఎంత కాగుతున్నదో, పడమటి గోడ ఎంత వేడిగా ఉన్నదో అప్పుడే తెలుస్తుంది. డాబాపై తెల్లసున్నం కొట్టించమని, మీటరు వేరు చేయించమని అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి. ఇచ్చాక అడిగితే వినేవారు తక్కువ.