రంజన్ చెప్పే ఎండదెబ్బ ముచ్చట

మా ఇంట్ల ఫ్రిజ్ ఉంది. అయినా ఎండకాలం నేను రంజన్ నీళ్లే తాగుత. కరెంటు లేకుండ అండ్ల నీళ్లు ఎట్ల సల్లగైతున్నయ్? ఆ లెక్క తెలిస్తే ఎండదెబ్బ ఎందుకు తగుల్తదో గూడ తెలుస్తది.

పొయ్యి మీద లీటర్ నీళ్లు పెట్టినమనుకోండి. 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరాలంటే 70 కిలో కేలరీల వేడి చాలు. మసిలినంక అవే నీళ్లు మొత్తం ఆవిరి కావాలంటే ఇంకో 540 కావాలె. గంత వేడి మింగినా నీళ్లు 100 డిగ్రీలు దాటవు. వేడంత నీళ్లను ఆవిరి చేసుడుకే పోతది. బడి పుస్తకంల దీన్నే గుప్తోష్ణం అన్నరు.

నీళ్లు మసలకుండ ఉత్తగ ఆరినా ఇంత వేడి కావాల్సిందే. రంజన్ మట్టికి సన్నటి రంధ్రాలుంటయ్. వాటి నుంచి బయటికి ఊరిన తడి ఆరుకుంట, లోపలి నీళ్ల వేడిని గుంజుకపోతది. మన ఒళ్లు గూడ అసొంటి రంజనే. లీటర్ చెమట ఆరితే దగ్గర దగ్గర 580 కిలో కేలరీలు పోతయ్. ఆ వేడి పోకుండ ఒంట్లనే ఉంటే 60 కిలోల మనిషి ఒళ్లు 10 డిగ్రీలకు పైనే పెరుగుతది.

అసలు సంగతి ఈడనే ఉంది. చెమట కారితే సరిపోదు, ఆరాలె. గాలిల తేమ నిండితే చెమట ఆరదు. వానకాలంల రంజన్ నీళ్లు అంతగ సల్లబడకపోవుడు, కూలర్ పెట్టినా ఉక్కపోసుడు ఇందుకే. పొడి గాలి ఉన్న 42 డిగ్రీల కంటే, ఉక్కపోత ఉన్న 38 డిగ్రీలే ఎక్కువ ప్రమాదం కావచ్చు. కాబట్టి ఫోన్ల డిగ్రీలొక్కటే చూసి "ఇయ్యాల ఎండ తక్కువే" అనుకోకుండ్రి. తేమ శాతం గూడ చూడుండ్రి.

ఒళ్లు కాలిపోతూ మనిషి తికమకగ మాట్లాడితే ఆగొద్దు. 108కి ఫోన్ కొట్టాలె. నీడకు తీసుకపోయి, ఒళ్లంత తడిపి, గాలి విసరాలె. తడి, గాలి రెండూ ఉంటే వేడి తొందరగ దిగుతది. సోయి లేనోళ్ల నోట్ల నీళ్లు పొయ్యొద్దు.

ఇంకో మాట. చెమట ఆరాలంటే ముందు చెమట పట్టాలె, దానికి తాగ నీళ్లుండాలె. కూలి పని కాడ నీళ్లు, నీడ పెట్టుడు మేస్త్రీ దయ కాదు. అవి పానం నిలబెట్టేటియి. అడుగుండ్రి, మొహమాటపడకుండ్రి.