రేగడిలో ఆర్‌ఎక్స్ 100 లాగాలంటే...

యూట్యూబ్‌లో ‘టూ స్ట్రోక్ ట్యూనింగ్’ అని కొట్టి చూడండి. సైలెన్సర్ కోసేవాడు, పోర్టు గీకేవాడు, స్పీడోమీటర్ ముల్లుని చివరిదాకా తెచ్చి చూపించేవాడు... వరసపెట్టి వీడియోలు వస్తాయి. అందరిదీ ఒకటే గోల: ఎంత స్పీడ్ పోయింది, ఎంత సౌండ్ వచ్చింది. మా మార్టూరు, పర్చూరు వైపు పొలాల్లో బండి తోలేవాళ్ళ బాధ వేరే. వెనక మిరప టిక్కీ కట్టుకుని డొంకలోంచి సాగర్ కాలువ కట్ట ఎక్కుతుంటే బండి గొణుగుతూ గొణుగుతూ ఆగిపోతుంది. దానికేం చేయాలో చెప్పే వీడియో నాకైతే దొరకలేదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఇంటి నుంచి పని చేసే వారాల్లో ఊరికి వచ్చేస్తా. అప్పుడు మా బాబాయ్ ఆర్‌ఎక్స్ 100 నా చేతికొస్తుంది. సిటీలో ఇలాంటి బండికి ఇన్‌స్టాగ్రామ్ ఫొటోషూట్లు చేస్తారు. మా ఇంట్లో దీని పని పత్తి బోరాలు, మందు డబ్బాలు, మిరప టిక్కీలు మోయడం. నల్లరేగడి తడిస్తే ట్రాక్టర్ దిగబడుతుంది, ట్రాలీ ఆటో డొంకలోకి రానే రాదు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, అంతకుముందు రెండు మూడు రోజులు ఏరిన పత్తిని గట్టుకు చేర్చడం ఎంత కంగారో ఈ ప్రాంతం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజున బండి లాగకపోతే పోయేది పంట.

ముందు రెండు అంకెలు చూద్దాం. ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ 98 సీసీ, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 బీహెచ్‌పీ. టార్క్ 10.39 న్యూటన్ మీటర్లు, అదీ 6,500 ఆర్‌పీఎం దగ్గర. ఇక పాత టూ స్ట్రోక్ టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ 69.9 సీసీ, 3.5 బీహెచ్‌పీ, 5 న్యూటన్ మీటర్లు. కాగితం మీద ఎక్స్‌ఎల్ ఆర్‌ఎక్స్ ముందు పసిపిల్ల. కానీ దాని టార్క్ 3,750 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. అందుకే ఊళ్ళో బరువు మోసే పని ఎక్స్‌ఎల్‌కి, పెళ్ళిచూపులకి వెళ్ళే పని ఆర్‌ఎక్స్‌కి. మన ఆర్‌ఎక్స్ బలమంతా మెట్ల పైన దాచిపెట్టి ఉంది. బురదలో ఆ మెట్లు ఎక్కే వీలుండదు.

ఎందుకిలా? సమాధానం సైలెన్సర్ లోపల ఉంది.

టూ స్ట్రోక్ ఇంజిన్‌కి ఫోర్ స్ట్రోక్‌లా పొగ బయటికి పోవడానికి వాల్వులుండవు. సిలిండర్ గోడలో ఒక కంత, అంతే. పిస్టన్ కిందికి దిగితే అది తెరుచుకుంటుంది, పైకొస్తే మూసుకుంటుంది. కాలిన పొగ పోయే సమయంలోనే కొత్త పెట్రోలు గాలి లోపలికి వస్తుంది. అందులో కొంత కాలకుండానే పొగ వెంట బయటికి జారుకుంటుంది. దాన్ని ఆపేది సైలెన్సర్ ఆకారమే. పొగతో పాటు బయల్దేరిన ఒత్తిడి అల వెడల్పయ్యే భాగం దాటి, సన్నబడే భాగానికి కొట్టుకుని వెనక్కి వస్తుంది. కంత మూసుకునే ముందు సరిగ్గా వచ్చిందంటే జారిపోతున్న మిశ్రమాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది.

దీన్ని 1950లలో పద్ధతిగా అభివృద్ధి చేసినవాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజినీర్ వాల్టర్ కాడెన్. 1961లో ఆ జట్టు రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ గ్రాండ్ ప్రి అయ్యాక తిరిగి ఇంటికి పోలేదు. తర్వాత సుజుకీలో చేరాడు. ఆ కిటుకులూ ఆయనతోనే వెళ్ళాయి. 1962లో సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టింది, రైడర్ డెగ్నరే. సినిమా తీయొచ్చు.

ఇప్పుడు లెక్క. వేడి పొగలో అల సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుందనుకోండి. కంత 160 డిగ్రీల పాటు తెరిచి ఉంటుందనుకోండి. 8,000 ఆర్‌పీఎం దగ్గర ఆ సమయం సెకనులో దాదాపు 300వ వంతు. అంతలో అల వెళ్ళి రావాలంటే పైపు 83 సెంటీమీటర్లు చాలు. 4,000 ఆర్‌పీఎం దగ్గర సమయం రెట్టింపు, పైపు కూడా రెట్టింపు... 1.66 మీటర్లు! అది బండి రెండు చక్రాల మధ్య దూరం కన్నా ఎక్కువ. కాబట్టి పైపు ఒక్కటి మార్చేసి ఆర్‌ఎక్స్‌ని ఎక్స్‌ఎల్‌గా మార్చలేం. ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. సైలెన్సర్ కోసి పొట్టి చేస్తే, లోపలి గొట్టాలు పీకేస్తే, తిరిగి రావాల్సిన అల పోతుంది, లేదా తొందరగా వచ్చేస్తుంది. సౌండ్ పెరుగుతుంది, కింద లాగుడు చస్తుంది. పైగా మోత చేసే బండిని మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద పోలీసులు ఆపొచ్చు.

పోర్టింగ్ అంతకన్నా ప్రమాదం. పొగ కంతని ఆకురాయితో పైకి అరగదీస్తే అది ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. పైన ఆర్‌పీఎంలో హుషారే. కింద మాత్రం మిశ్రమం జారిపోవడానికి ఇంకాస్త టైమ్ ఇచ్చినట్టు. కోడ్‌లో తప్పు చేస్తే పాత వెర్షన్‌కి వెనక్కి పోవచ్చు, అరిగిన ఇనుముకి ఆ సౌకర్యం లేదు. స్లీవ్ మార్చాల్సిందే.

మరి మేం ఏం చేశాం? మా ఊరి మెకానిక్ అన్న దగ్గర మొదలుపెడితే ఆయన అన్నది ఒకటే: “తమ్ముడూ, కంపెనీ వాడు ఇచ్చిన లాగుడు ముందు తిరిగి తెచ్చుకుందాం. కొత్తది తర్వాత చూద్దాం.” ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే రోడ్డు మీదున్న అన్నింటికన్నా చిన్న బండికీ ముప్పై ఏళ్ళు. సైలెన్సర్ విప్పితే పొగ కంత చుట్టూ బొగ్గు పేరుకుని ఉంది. గీకేశాం. తర్వాత క్రాంక్ సీళ్ళు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ గది కూడా ఒక పంపే. సీలు లీకైతే స్పీడ్‌లో అంతగా తెలియదు, నిదానంలో లీకవడానికి టైమ్ ఎక్కువ కాబట్టి లాగుడు అక్కడే పోతుంది. బయటి గాలి పీల్చుకుంటే పెట్రోలు పాలు తగ్గి పిస్టన్ పట్టేసే ప్రమాదమూ ఉంది. ఫిల్టర్ తీస్తే ఒక పొర రేగడి దుమ్ము. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు కూడా ఉంది, ఇద్దరం ఒక నిమిషం తుమ్ముతూనే ఉన్నాం.

ఇక్కడికే బండి సగం మారిపోయింది. నిజంగా.

రెండోది చైన్ సెట్. నా ఓటు ఎప్పుడూ దీనికే. ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్ళుంటే 13 పళ్ళది వేస్తే చక్రానికి అందే లాగుడు దాదాపు 8 శాతం పెరుగుతుంది. టాప్ స్పీడ్ అంతే తగ్గుతుంది. ఇంజిన్‌ని ముట్టుకునే పనే లేదు, నచ్చకపోతే గంటలో పాతది బిగించుకోవచ్చు. “ఏందిరా, ఈ చిన్న చక్రంతో అవుద్దా?” అన్నాడు బాబాయ్. మర్నాడు కట్ట ఎక్కి దిగొచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కార్బురేటర్ పెద్దది వేయమని చాలామంది సలహా ఇచ్చారు. తోటకి నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్ళు ఎంత దూరం కొడతాయో గుర్తు చేసుకోండి. సన్న దారిలో గాలి వేగంగా పోతుంది, పెట్రోలుని బాగా తుంపరలు చేస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో కావాల్సింది అదే. కంపెనీ కార్బురేటరే ఉంచి, శుభ్రం చేసి వదిలేశాం.

హెడ్‌ని లేత్ మీద కాస్త చెక్కించి కంప్రెషన్ పెంచితే కింద బాగా లాగుతుంది. ఇది నిజమే. కానీ ముందు కొలవాలి. ప్లగ్ కంతలోంచి సోల్డర్ తీగ పెట్టి, కిక్ నిదానంగా తిప్పితే పిస్టన్ అంచు దగ్గర తీగ నలుగుతుంది. నలిగిన చోట వెర్నియర్‌తో కొలిస్తే ఎంత సందు మిగిలిందో తెలుస్తుంది. మిల్లీమీటరు కన్నా తగ్గించడం నాకిష్టం లేదు. ఏప్రిల్ ఎండలో, బరువుతో, గాలితోనే చల్లబడాల్సిన ఇంజిన్ ఇది. నాకింగ్ మొదలైతే పిస్టన్‌కి కన్నం పడుతుంది. మాది అప్పటికే చాలినంత దగ్గరగా ఉంది కాబట్టి చెక్కించలేదు.

మార్పు నిజమా, మన భ్రమా అని తేల్చుకోవడానికి ఫోన్ చాలు. టూ స్ట్రోక్ ఇంజిన్ ప్రతి చుట్టుకీ ఒకసారి పేలుతుంది. శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే ఉచిత యాప్ పెట్టి, హెర్ట్జ్‌ని 60తో గుణిస్తే ఆర్‌పీఎం వచ్చేస్తుంది. 100 హెర్ట్జ్ అంటే 6,000. ఫోన్ జేబులో పెట్టుకుని, అదే కట్ట, అదే టిక్కీ, అదే రెండో గేరు... ముందొకసారి, తర్వాత ఒకసారి రికార్డ్ చేశా. ముందు సగం క్లచ్ పట్టుకుని ఇంజిన్‌ని అరిపిస్తే తప్ప ఎక్కని బండి, ఇప్పుడు క్లచ్ పూర్తిగా వదిలేసినా ఎక్కుతోంది. క్లచ్ ప్లేట్లు మిగులు.

నష్టం లేదని కాదు. చిలకలూరిపేట హైవే మీద ఇప్పుడు ఇంజిన్ ఊరికే అరుస్తుంది, లారీల పక్కన కుడివైపు పోవాలనే ఆలోచన కూడా పెట్టుకోకూడదు. వెనక బరువుంటే పాత డ్రమ్ బ్రేకులు అంతంతమాత్రం, వాటి లైనర్లు కూడా మార్పించాం. వానల్లో ముందు మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య రేగడి ఇరుక్కుని చక్రం బిగుసుకుపోయే బాధ అలాగే ఉంది. మడ్‌గార్డుని కాస్త పైకి ఎత్తి బిగించాలి. రీడ్ వాల్వు రేకులు కూడా పాతవే, వాటి అంచులు చిట్లాయేమో ఈసారి ఊరొచ్చినప్పుడు విప్పి చూడాలి.