రక్షరేకు

మత్తయి సువార్త 23వ అధ్యాయము 5వ వచనమున ‘రక్షరేకులు’ అను మాట కలదు. దీని యర్థమేమని ఆకివీడు ప్రాంతపు బాలు నడిగినచో తడవుకొనక ‘తాయెత్తు’ అని చెప్పును. కొల్లేటి పల్లెలలో పసివారి మెడకును మొలత్రాటికిని కట్టెడి తాయెత్తులను వాడు చూచియేయున్నాడు. అందులో అక్షరములు గీసిన రాగిరేకును చుట్టి పెట్టుదురనియు నెఱుగును. కావున పరిసయ్యులును అట్టివే కట్టుకొనిరని తలంచును. ఈ తలంపును సవరింపవలసియున్నది.

పరిసయ్యులు ధరించినవి రేకులు కావు. అవి తోలుతో చేసిన చిన్న పెట్టెలు. వానిలో నిర్గమకాండము 13, ద్వితీయోపదేశకాండము 6, 11 అధ్యాయములలోని వాక్యభాగములు వ్రాసిన చర్మపత్రము లుండును. ప్రార్థనాకాలమున వానిని నొసటను చేతికిని తోలువారులతో కట్టుకొనుట యూదులలో నేటికిని వాడుక. వారు వీనిని ‘తెఫిల్లీన్’ అందురు. ‘తెఫిల్లా’ యనగా ప్రార్థన. ఆ పేరులో రక్షయను భావమే లేదు.

మఱి రక్ష యెచ్చటనుండి వచ్చినది? గ్రీకునుండి. సువార్తలోని గ్రీకుమాట ‘ఫులక్తేరియోన్’. ‘ఫులాక్స్’ అనగా కావలివాడు. ‘ఫులస్సో’ అనగా కాపాడుదును. తాయెత్తునకు గ్రీకులు వాడిన మాటయే యిది. మన యనువాదమున ‘రక్ష’ దానికి సరిపోయినది. ‘రేకు’ మాత్రము మన కంసాలి యిచ్చినది. చిత్రమేమనగా, ఈ యాచారమునకు మూలమైన ద్వితీయోపదేశకాండము 6:8లో మన తెలుగు బైబిలు ‘బాసికము’ అను మాట వాడినది. ఒకచోట పెండ్లిపీట, మఱియొకచోట మంత్రగాని యరుగు! రెంటిలో బాసికమే నాకు మేలుగా తోచును. అది నొసట కట్టునది. భయముచేత గాక సంతోషముచేత కట్టునది.

తాయెత్తు అను మాటయైన మనదేనా? వినుటకు తెలుగువలెనే యున్నది గాని, అరబ్బీ ‘తఅవీజ్’ హిందుస్తానీ ద్వారా మనకు వచ్చి యీ రూపము పొందినది. శరణుజొచ్చుట దాని ధాత్వర్థము. అరబ్బీనుండియే మఱియొక మాట పడమటికి పోయినది. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు భాషలు కొద్దిపాటి భేదములతో వాడెడి ‘టాలిస్మన్’ అరబ్బీ ‘తిలస్మ్’నుండి పుట్టినది. అరబ్బులో, దానిని గ్రీకు ‘తెలెస్మ’నుండి గైకొనిరి, నెరవేర్చిన క్రతువు అని దాని భావము. ఐరోపానుండి వెడలిన మాట తలపాగా చుట్టుకొని మరల ఐరోపాకే చేరినదన్నమాట.

ఇంగ్లీషువారి ‘చార్మ్’ లాటిను ‘కార్మెన్’నుండి వచ్చినది, కార్మెన్ అనగా పాట. మన మంత్రమునకు దగ్గర చుట్టము. రష్యనులు ‘ఓబెరెగ్’ అందురు. అదియు కాపాడుట యను క్రియనుండి కలిగినదే. ‘ఆమ్యులెట్’ను మోయుట యను అర్థముగల అరబ్బీ ధాతువునుండి సాధించినవారు కలరు. కాని క్రీ. శ. 79లో మరణించిన ప్లినీ తన లాటిను గ్రంథముననే ఆ మాట వాడియుండుటచేత ఆ వాదము నిలువలేదు.

క్రైస్తవులకు తాయెత్తులతో పనిలేకుండెనని యెవరును అనుకొనరాదు. 4వ శతాబ్దపు లవొదికయ సభ తన 36వ నిబంధనమున, యాజకులు ఫులక్తేరియోనులు చేయరాదని శాసించినది. చేయుచుండనిదే నిషేధ మేల? ఆ శతాబ్దముననే అంతియొకయలో బోధించిన యోహాను క్రిసొస్తోము, స్త్రీలును పిల్లలును సువార్తలను మెడకు వ్రేలాడదీసికొనుటను ప్రస్తావించెను. తలగడక్రింద క్రొత్తనిబంధన నుంచి బిడ్డను పరుండబెట్టెడి తల్లులు మన సంఘములలోను లేకపోలేదు. జ్వరపడిన బిడ్డ ప్రక్కను రాత్రి మేలుకొనియున్నవా రెవరును వారిని పరిహసింపజాలరు. ఐనను ఆ పుస్తకము తెరచి చదువుటకై వ్రాయబడినది.

ఇందు తెలుగు విద్యార్థి గమనింపవలసిన చిక్కొకటి కలదు. రక్షకుడు, రక్షణ, రక్షరేకు: మూడును మనకు ఒక్క ధాతువునుండి వచ్చినవి. గ్రీకున అట్లు కాదు. రక్షకుడు ‘సోతేర్’, రక్షణ ‘సోతేరియ’. ఫులక్తేరియోనునకు వానితో బంధుత్వము లేదు. అయినను ‘ఫులస్సో’ నీచమైన మాట యని తలంపరాదు. 2 థెస్సలొనీకయులకు 3:3లో ప్రభువు విశ్వాసులను దుష్టత్వమునుండి తప్పించుటను గూర్చి చెప్పునప్పుడు పౌలు ఆ క్రియనే వాడెను. అచ్చట మన బైబిలులో ‘కాపాడును’ అని యున్నది.